చేప శరీరము చెప్పు సాక్ష్యము: కాగితపు గుజ్జు మిల్లుల వ్యర్థజలమును రసాయన సూచికల ద్వారా గుర్తించు విధానము

నదియు, దాని ఒడ్డున నివసించువారును

కోల్‌కతా నగరమునకు నైరృతి దిశను, హుగ్లీ నది తూర్పు ఒడ్డున గార్డెన్ రీచ్ అను ప్రాంతము కలదు. 1856లో రాజ్యమును కోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా తన శేషజీవితమును గడిపిన మటియాబుర్జ్ ఈ ప్రాంతములోనిదే. ఓడల నిర్మాణశాల, రేవు కట్టడములు, బట్టల మిల్లులు ఇచ్చట కాలక్రమమున వెలసినవి. పూర్వపు బెంగాల్ నాగపూర్ రైల్వేకును, 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేకును ప్రధాన కార్యాలయము ఇచ్చటనే నెలకొన్నది. వాల్తేరు వరకు సాగిన ఈ రైలుమార్గము వెంట ఉద్యోగములకై వచ్చిన తెలుగు కుటుంబములు గార్డెన్ రీచ్‌లోను, ఖరగ్‌పూరులోను స్థిరపడినవి. హుగ్లీ ఒడ్డున గల జనపనార మిల్లులలో పనికై ఉత్తరాంధ్ర జిల్లాలనుండి వెళ్లినవారును అనేకులు.

అన్నముతో చేపల పులుసు తినుట తెలుగువానికిని, వంగదేశీయునికిని సమానమైన అలవాటు. చేపలో మాంసకృత్తులు, సున్నము, విటమినులు, గుండెకు మేలుచేయు కొవ్వులు కలవు. కావుననే చేపను మానుమని చెప్పుట ఆరోగ్యశాస్త్రమునకు సమ్మతము కాదు. అయితే చేప పెరిగిన నీరు ఎట్టిదో ఆ చేపయు అట్టిదే యగును. నదిలోనికి కర్మాగారముల వ్యర్థజలము వదలబడినచో, ఆ సంగతి చేప శరీరమునందు వ్రాయబడియుండును. ఆ వ్రాతను చదువు విధానమును, అందు ముఖ్యముగా కాగితపు గుజ్జు మిల్లుల వ్యర్థజలమును గుర్తించు విధానమును, ఈ పాఠములో వివరింపబడినది.

నీటి పరీక్ష ఒక్కటియే ఏల చాలదు

హుగ్లీ ఒడ్డు భారతదేశపు కాగితపు పరిశ్రమకు పుట్టినిల్లు వంటిది. 1870 ప్రాంతమున బాలీలోను, 1882లో టిటాగఢ్‌లోను యంత్రములతో నడచు మిల్లులు స్థాపింపబడినవి. 1922 ప్రాంతమున నైహాటిలో వెదురు గుజ్జుతో కాగితము తయారు చేయుట ఆరంభమైనది. ఈ స్థలములన్నియు గార్డెన్ రీచ్‌కు ఎగువన ఉన్నవి. ఆ పాత మిల్లులలో పెక్కు నేడు మూతపడినవి. కాని ఏ నదిలోనైనను, మిల్లు మూతపడినంత మాత్రమున దాని వ్యర్థములు వెంటనే మాయము కావు. కొన్ని పదార్థములు నీటిలో కరగక, ఒండ్రుమట్టికి అంటుకొని, దశాబ్దముల పర్యంతము నది అడుగున నిలిచియుండగలవు. వరదలు వచ్చినపుడును, ఓడల మార్గమునకై అడుగు త్రవ్వినపుడును ఆ ఒండ్రు కదలి, పాత వ్యర్థము మరల పైకి రావచ్చును.

హుగ్లీకి మరియొక లక్షణము కలదు. గార్డెన్ రీచ్ సముద్రమునకు చాల దూరముననున్నను, ఇచ్చట నది రోజునకు రెండు పర్యాయములు పోటెత్తి, రెండు పర్యాయములు తగ్గును. పోటు సమయమున నీరు ఎగువకును, ఆటు సమయమున దిగువకును ప్రవహించును. కావున ఉదయము సీసాలో పట్టిన నీటికిని, మధ్యాహ్నము పట్టిన నీటికిని పోలిక యుండదు. వర్షకాలపు నీటికిని, వేసవి నీటికిని ఉన్న భేదము అంతకంటె అధికము. మిల్లు వ్యర్థజలము రాత్రివేళ విడువబడి, పరీక్షకుడు పగటివేళ వచ్చినచో, సీసాలోని నీరు నిర్దోషముగా కనబడవచ్చును.

చేప అట్లు కాదు. అది రాత్రింబవళ్లు నీటిలోనే యుండును. మొప్పల ద్వారా నీటిని, నోటి ద్వారా ఆహారమును గ్రహించును. తాను అనుభవించిన నీటి లక్షణములను తన కాలేయములోను, పైత్యరసములోను, కొవ్వులోను కూడబెట్టుకొనును. నీటి సీసా ఒక క్షణమునకు సాక్షి. చేప అనేక దినములకు, కొన్ని పదార్థముల విషయమున అనేక మాసములకు, సాక్షి.

గుజ్జు మిల్లునుండి వెలువడు పదార్థములు

కఱ్ఱలోగాని, వెదురులోగాని, గడ్డిలోగాని నారపోగులను ఒకదానితో నొకటి బంధించు పదార్థమునకు లిగ్నిన్ అని పేరు. గుజ్జు తయారుచేయుట యనగా ఈ లిగ్నిన్‌ను కరగించి, పోగులను విడదీయుటయే. క్రాఫ్ట్ పద్ధతిలో కఱ్ఱముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణములో, సుమారు 170 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో, ఒత్తిడితో ఉడికింతురు. అపుడు వెలువడు నల్లని ద్రవమును మండించి రసాయనములను తిరిగి రాబట్టుకొనుట మంచి మిల్లు చేయు పని. ఆ ఏర్పాటు లేని చిన్న మిల్లులనుండి ఆ ద్రవము నీటిలోనికి చేరినచో, నీరు నల్లబడి, అందలి ప్రాణవాయువు తరిగి, చేపలు ఊపిరాడక చచ్చును. ఇది కంటికి కనబడు హాని.

కంటికి కనబడని హాని వేరొకటి కలదు. ఉడికిన గుజ్జు గోధుమరంగులో నుండును. దానిని తెల్లపరచుటకు పూర్వకాలమున క్లోరిన్ వాయువును ఉపయోగించెడివారు. మిగిలిన లిగ్నిన్‌తో క్లోరిన్ కలియగా క్లోరోఫీనాలులు, క్లోరోగ్వయకాలులు, క్లోరోకాటెకాలులు మొదలగు సమ్మేళనములు పుట్టును. మిక్కిలి స్వల్పపరిమాణములో డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అను విషపదార్థములును ఏర్పడును. డయాక్సిన్లలో అత్యంత విషపూరితమైన దానిని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మానవులకు కాన్సర్ కలిగించు పదార్థముల మొదటి వర్గములో చేర్చినది. క్లోరిన్ వాయువునకు బదులు క్లోరిన్ డయాక్సైడును వాడినచో డయాక్సిన్లు ఏర్పడుట చాలవరకు తగ్గును. ప్రాణవాయువుతో ముందుగా లిగ్నిన్‌ను తొలగించుటయు మేలైన పద్ధతియే.

చేప శరీరమందలి మూడు గడియారములు

చేప శరీరములో ఈ పదార్థములను గుర్తించుటకు ముఖ్యముగా మూడు స్థానములు కలవు. ఒక్కొక్కటి ఒక్కొక్క కాలపరిమితిని తెలుపును. కావున వీటిని మూడు గడియారములుగా భావింపవచ్చును.

మొదటిది పైత్యరసము. క్లోరోఫీనాలుల వంటి పదార్థములు చేపలో ప్రవేశించినపుడు, కాలేయము వానిని గ్లూకురోనిక్ ఆమ్లము మొదలగువానితో జతపరచి, నీటిలో సులభముగా కరగునట్లు చేసి, పిత్తాశయములోనికి పంపును. అచ్చట అవి నీటిలో ఉన్నదానికి వేలరెట్లు అధికముగా కూడుకొనును. నీటిలో పరికరములకు అందని స్వల్పపదార్థము పైత్యరసములో స్పష్టముగా కనబడుటకు ఇదియే కారణము. అయితే చేప శుభ్రమైన నీటిలోనికి పోయినచో కొలది దినములలోనే ఈ గుర్తు చెరిగిపోవును. చేప ఆహారము తినినపుడు పిత్తాశయము ఖాళీయగును గనుక, పరీక్షకు తీసుకొను చేపలన్నియు ఆహారము విషయమున ఒకే స్థితిలో నుండవలెను. పైత్యరసము ఇటీవలి దినముల గడియారము.

రెండవది కాలేయము. అన్యపదార్థములను విచ్ఛిన్నము చేయుటకు కాలేయములో సైటోక్రోమ్ పి-450 అను ఎంజైముల కుటుంబము కలదు. అందు 1ఎ అను శాఖ సాధారణముగా తక్కువ పరిమాణములో నుండును. డయాక్సిన్ వంటి పదార్థము కణములోనికి వచ్చి, అచ్చట గల గ్రాహకమునకు తాళమునకు తాళపుచెవివలె అమరగానే, ఆ ఎంజైమును అధికముగా తయారుచేయుమను ఆజ్ఞ కణకేంద్రమునకు చేరును. కొలది దినములలో ఎంజైము పలురెట్లు పెరుగును. దీనిని కొలుచుటకు కాలేయపు ముక్కనుండి తీసిన ద్రవమునకు ఇథాక్సీరిసోరుఫిన్ అను పదార్థమును చేర్తురు. ఎంజైము దానిని రిసోరుఫిన్‌గా మార్చును. రిసోరుఫిన్‌పై తగిన కాంతి పడినపుడు అది ఎఱ్ఱని వెలుగును వెదజల్లును. ఆ వెలుగు ఎంత యధికమో ఎంజైము అంత యధికము. ఈ పరీక్షకు శాస్త్రజ్ఞులు ఇ.ఆర్.ఓ.డి. అని సంక్షిప్తనామ మొసగిరి. ఎంజైము త్వరగా చెడిపోవును గనుక, చేపను కోసినవెంటనే కాలేయమును ద్రవ నైట్రోజనులో గడ్డకట్టింపవలెను. కాలేయము దినములనుండి వారముల వరకు కాలమును తెలుపు గడియారము.

మూడవది కొవ్వు. డయాక్సిన్లు నీటిలో కరగవు, కొవ్వులో కరగును. సులభముగా విచ్ఛిన్నమును కావు. కావున అవి చేప కొవ్వులో మాసములు, సంవత్సరములు నిలిచియుండును. చిన్నచేపను పెద్దచేప తినుటవలన ఈ పదార్థము పైమెట్టునకు చేరినకొలది అధికమగును. ఆ మెట్ల వరుసలో చివరివాడు మానవుడు. మానవ శరీరములో అత్యంత విషపూరితమైన డయాక్సిన్ సగమునకు తగ్గుటకు సుమారు 7 నుండి 11 సంవత్సరములు పట్టును.

పరదేశముల అనుభవము

స్వీడన్ దేశమున బోత్నియా సింధుశాఖ తీరముననున్న నార్‌సుండెట్ గుజ్జు మిల్లు పరిసరములలో 1980ల దశకమున పెర్చ్ అను చేపలను పరీక్షించిరి. చేపలు బ్రతికియే యున్నవి. చూపునకు బాగుగనే యున్నవి. కాని వాని కాలేయములో పైన చెప్పిన ఎంజైము అధికముగా నుండెను. సంతానోత్పత్తి గ్రంథులు చిన్నవిగా నుండెను. ఈ మార్పులు మిల్లునుండి పలు కిలోమీటర్ల దూరము వరకు కనబడినవి.

కెనడాలో సుపీరియర్ సరస్సునందలి జాక్‌ఫిష్ అఖాతమున 1980ల దశకాంతమునుండి వైట్ సక్కర్ అను చేపలపై జరిగిన పరిశోధన మరింత బోధప్రదమైనది. చేపలు ఆలస్యముగా ఈడేరుచుండెను. రక్తములో లింగ సంబంధమైన హార్మోనులు తగ్గియుండెను. 1989లో ఆ మిల్లు వ్యర్థజలమునకు జీవసంబంధమైన ద్వితీయ శుద్ధి ఏర్పాటు చేసినది. ఆ పిమ్మట వ్యర్థజలము చేపలను వెంటనే చంపు శక్తిని కోల్పోయినది గాని, పై మార్పులు పూర్తిగా పోలేదు. మిల్లు కొంతకాలము ఆగినపుడు మాత్రము చేపల కాలేయపు ఎంజైము త్వరగా తగ్గినది. దీనినిబట్టి రెండు సంగతులు తెలిసినవి. చేప చావకుండుటయే నీటి శుద్ధికి నిదర్శనము కాదు. వ్యర్థజలము ఆగినచో చేప శరీరము కోలుకొనుటకు అవకాశము కలదు. తరువాత, క్లోరిన్ వాడని మిల్లుల సమీపమునను ఇట్టి మార్పులు కొన్ని కనబడుటచే, కఱ్ఱలో సహజముగా ఉన్న పదార్థములును కొంత కారణమని గ్రహించిరి.

కెనడా పశ్చిమతీరమున, డయాక్సిన్ అధికముగా నున్న కారణమున 1988 ప్రాంతమునుండి గుజ్జు మిల్లుల సమీపమున పీతలు, రొయ్యలు పట్టుటను నిషేధించిరి. మిల్లులు తెల్లపరచు పద్ధతిని మార్చిన పిమ్మట డయాక్సిన్ తగ్గుటచే, 1990ల దశకపు మధ్యకాలమునుండి కొన్ని చోట్ల వేటను తిరిగి అనుమతించిరి. 1992లో కెనడా ప్రభుత్వము గుజ్జు మిల్లులకు నూతన నిబంధనలను చేసి, మిల్లు దిగువన చేపలను క్రమముగా పరీక్షించుటను విధియొనర్చినది. పరీక్షల ఫలితము ఒక జాలరి కుటుంబపు జీవనోపాధిని ఆపగలదనియు, మరల ఈయగలదనియు దీనివలన స్పష్టమగుచున్నది.

హుగ్లీలో పరీక్ష జరుపునపుడు గమనింపవలసినవి

పరదేశపు పద్ధతిని ఉన్నది ఉన్నట్లుగా హుగ్లీకి తెచ్చినచో పొరపాట్లు సంభవించును. శీతల దేశములలో దేవదారు జాతి వృక్షములనుండి గుజ్జు తీయుదురు. వానియందు బంక ఆమ్లములు అధికము గనుక, చేప పైత్యరసములో ఆ ఆమ్లములను వెదకుట అచ్చట ఆచారము. మన దేశమున వెదురు, నీలగిరి చెట్టు, చెఱకుపిప్పి, గడ్డి ముఖ్యమైన ముడిపదార్థములు. వీనియందు బంక ఆమ్లములు స్వల్పము. కావున మన నదులలో ఆ ఆమ్లములు కానరానంత మాత్రమున మిల్లు నిర్దోషి యని తలపరాదు. క్లోరోగ్వయకాలులను, క్లోరోసిరింగాలులను వెదకుట ఇచ్చట యుక్తము.

గార్డెన్ రీచ్ వద్ద కాలేయపు ఎంజైము పెరిగినదనుకొందము. దానిని చూచి ఎగువనున్న కాగితపు మిల్లును నిందింపవచ్చునా? నిందింపరాదు. రేవులోని ఓడల నూనె, బొగ్గు మసి, నగరపు మురుగు ఇవియు అదే ఎంజైమును పెంచగలవు. ఎంజైము ఏదో ఒక కలుషితపదార్థము చేపను తాకినదని మాత్రమే చెప్పును. దాని పేరు చెప్పదు. క్లోరోగ్వయకాలులు ముఖ్యముగా గుజ్జును క్లోరిన్‌తో తెల్లపరచుట వలననే పుట్టును. ఎంజైమును, పైత్యరసములోని క్లోరోగ్వయకాలును కలిపి చూచినపుడే సాక్ష్యము బలపడును. న్యాయస్థానములో ఒక సాక్షి మాటను మరియొక సాక్షి మాటతో సరిచూచుట వంటిదే ఇది.

చేప జాతిని ఎన్నుకొనుటయు ముఖ్యము. గోదావరి ప్రాంతమువారు పులసయని పిలుచు చేపను వంగదేశీయులు ఇలిష్ అందురు. అది సముద్రమునుండి గ్రుడ్లు పెట్టుటకై నదిలోనికి వచ్చునది గనుక, దాని శరీరము నదిని గూర్చి మాత్రమే చెప్పదు. ఒకే ప్రాంతమున నది అడుగున తిరుగుచు ఒండ్రులో ఆహారము వెదకుకొను జెల్ల వంటి చేపలు ఇందుకు తగినవి. వంగదేశీయులు వీనిని టేంగ్రా అందురు. గ్రుడ్లు పెట్టు కాలమున ఆడచేపలలో హార్మోనుల ప్రభావముచే ఎంజైము తగ్గియుండును. కావున ఆడ, మగ చేపలను వేర్వేరుగా లెక్కింపవలెను. కెనడా పద్ధతిలో ఒక్కొక్క స్థలమున రెండేసి జాతులనుండి, ప్రతి జాతిలోను కనీసము 20 మగచేపలను, 20 ఆడచేపలను పరీక్షింతురు. వ్యర్థజలము సోకని స్థలపు చేపలతో పోల్చనిదే ఏ సంఖ్యకును అర్థము లేదు. ఆటుపోట్లు గల హుగ్లీలో అట్టి స్థలమును మిల్లునకు చాల దూరమున ఎన్నుకొనవలెను.

1947లో కలకత్తాలో ఆరంభమై, ప్రస్తుతము బారక్‌పూరులో నెలకొనియున్న కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ హుగ్లీ మొగలోని చేపలను, కాలుష్యమును గూర్చి దశాబ్దములుగా పరిశోధించుచున్నది. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టము వ్యర్థజలమును అదుపు చేయు అధికారమును కాలుష్య నియంత్రణ మండలులకు ఒసగినది. 2003లో కేంద్రము పరిశ్రమలతో కుదుర్చుకొన్న ఒడంబడికలో, పెద్ద గుజ్జు మిల్లులు క్లోరిన్‌తో కూడిన కర్బన పదార్థములను ఒక టన్ను కాగితమునకు రెండేండ్లలో 1.5 కిలోగ్రాములకును, అయిదేండ్లలో 1 కిలోగ్రామునకును తగ్గింపవలెనని నిర్ణయింపబడినది. నిరంతర కర్బన కాలుష్యములను గూర్చిన స్టాక్‌హోమ్ ఒప్పందమును భారతదేశము 2006లో ధ్రువపరచినది. రాజమహేంద్రవరము, సారపాక, కాగజ్‌నగర్ పట్టణములలోని మిల్లులతో గోదావరి పరీవాహకమునకును కాగితపు పరిశ్రమతో సంబంధము కలదు. కావున ఈ పాఠము హుగ్లీ ఒడ్డువారికే గాక గోదావరి ఒడ్డువారికిని ఉపయోగకరము.

సూచిక వేరు, రోగము వేరు

చేపలో ఎంజైము పెరిగినదని విన్నవెంటనే, ఆ చేపను తినినవారికి రోగము వచ్చునని భయపడరాదు. సూచిక యనగా స్పర్శకు గుర్తు. హానికి నిర్ణయము కాదు. గుమ్మము వద్ద కుక్క మొరిగినచో ఎవరో వచ్చిరని తెలియును. వచ్చినవాడు దొంగయో, చుట్టమో లేచి చూడవలెను. అట్లే సూచిక కనబడినపుడు అధికారులు చేప మాంసములోని డయాక్సిన్‌ను కొలిచి, ప్రజలు ఎంత తినుచున్నారో విచారించి, పిదప సలహా ఈయవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల సంయుక్త నిపుణుల సంఘము 2001లో శరీరపు ప్రతి కిలోగ్రాము బరువునకు నెలకు 70 పికోగ్రాముల డయాక్సిన్ వరకు తాత్కాలిక పరిమితిగా నిర్ణయించినది. పికోగ్రాము అనగా గ్రాములో లక్షకోట్లవ వంతు. ఇంత స్వల్పపరిమాణమును కొలుచుటకు ఖరీదైన పరికరములు, శిక్షితులైన నిపుణులు కావలెను. కావుననే ముందుగా తక్కువ ఖర్చుతో కూడిన ఎంజైము పరీక్షతో అనుమానాస్పద స్థలములను గుర్తించి, అటుపిమ్మట అచ్చటనే పెద్ద పరీక్ష జరుపుట వివేకము.

వదంతులు వ్యాపింపజేసి జాలరుల నోటికూటిని పోగొట్టుట ఒక తప్పు. ఉన్న ప్రమాదమును దాచిపెట్టుట మరియొక తప్పు. ఈ రెంటినుండియు తప్పించునది పరీక్షయే.

గృహస్థులకు సూచనలు

1. నదిలో చచ్చి తేలిన చేపలను, నూనె వాసనగాని, మందు వాసనగాని వచ్చు చేపలను ఎంత చౌకగా దొరికినను కొనరాదు.

2. డయాక్సిన్ ఉడికించుటవలన నశింపదు. అది కొవ్వులో నుండును గనుక, అనుమానముగల చోట పట్టిన చేప చర్మమును, కడుపు భాగపు కొవ్వును, కాలేయమును, పేగులను తీసివేయవలెను. చేప లోపలి కొవ్వును వేయించి అన్నములో కలుపుకొను అలవాటు వంగదేశమున కలదు. చేప మంచి నీటినుండి వచ్చినదని తెలిసినపుడే అట్లు చేయవలెను.

3. ఎల్లప్పుడు ఒకే చోటి పెద్దచేపనే తినక, చెరువులలో పెంచిన బొచ్చె, శీలావతి మొదలగు వానిని, చిన్నచేపలను మార్చి మార్చి వాడవలెను.

4. గర్భిణీ స్త్రీలు, బాలింతలు చేపను మాననక్కరలేదు. మంచి చోటి చేపను ఎన్నుకొనిన చాలును. తల్లి బిడ్డకు పాలిచ్చుట ఏ కారణముచేతను దీనివలన మానరాదు.

5. చేప పిత్తాశయమును ఔషధమని నమ్మి పచ్చిగా మ్రింగు దురాచారము కొందరిలో కలదు. బొచ్చె, శీలావతి జాతుల పైత్యరసములో కాలుష్యముతో నిమిత్తము లేకయే సహజవిషము కలదు. దానిని మ్రింగినవారికి మూత్రపిండములు, కాలేయము చెడి ప్రాణాపాయము సంభవించినది. చేపను కోయునపుడు పిత్తాశయమును పగులకుండ తీసి పారవేయవలెను.

6. నది నీరు అకస్మాత్తుగా రంగు మారినను, చేపలు గుంపుగా నీటిపైకి వచ్చి నోరు తెరచినను, ఆ దినమును, వేళను, స్థలమును వ్రాసికొని వెంటనే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి, మత్స్యశాఖకు తెలుపవలెను. చేపను పరీక్షకు పంపదలచినచో మంచులో నుంచి పంపవలెను. ఎండలో నుంచిన చేప సాక్ష్యము చెప్పజాలదు.

ముగింపు

హుగ్లీ నీరు గార్డెన్ రీచ్ వద్దనే శుద్ధి చేయబడి లక్షలాది ప్రజలకు త్రాగునీరుగా పంపబడుచున్నది. అదే నీటిలో చేప జీవించుచున్నది. ఆ చేప కాలేయములోను, పైత్యరసములోను, కొవ్వులోను కనబడు మార్పు రేపు మన ఇంటికి రాగల కీడునకు నేడే అందిన హెచ్చరిక. జాలరి వలలో పడిన నాలుగు జెల్లలను, అమ్మకమునకు పంపుటకు ముందు, పరీక్షశాల బల్లపై నుంచి ఓపికతో పరిశీలించు ఏర్పాటు క్రమముగా జరిగినచో, తినువానికి ఆరోగ్యము, పట్టువానికి జీవనోపాధి, నదికి శుభ్రత ఏకకాలమున సిద్ధించును.